విశాఖ పేటల చరిత్ర: గూడు కొరకు ప్రజలు కూడిన విధము

విశాఖపట్టణమును గురించి వ్రాయబూనిన వారు సాధారణముగా డాల్ఫిన్స్ నోస్ కొండను, ఓడరేవును, ఉక్కు కర్మాగారమును వర్ణిస్తారు. శతవార్షిక సంచికలలోనైతే కట్టడములను గురించి, సంస్థలను గురించి, పెద్దల సేవలను గురించి వ్రాయుట ఆనవాయితీ. అవన్నియు వ్రాయదగినవే. అయితే ఆ రేవును త్రవ్విన వారు, ఆ కర్మాగారమునకు తమ పొలములు ఇచ్చిన వారు, తెల్లవారక ముందే ఈ పట్టణపు వీధులు ఊడ్చిన వారు ఎక్కడ నివసించారు, ఆ నివాసమును నిలుపుకొనుటకు ఎట్లు కూడి పనిచేశారు అను సంగతి చాలా తక్కువగా వ్రాయబడినది. మన సంఘములలో అనేక కుటుంబముల చరిత్ర ఇదే గనుక, ఈ వ్యాసములో దానిని క్లుప్తముగా కూర్చ బూనుకొన్నాము.

రేవు వచ్చిన నాడు

1901వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికి విశాఖపట్టణములో ఉన్నది సుమారు 41 వేల మంది. కోటవీధి, జాలారిపేట, అల్లిపురం, కొండ మీద గుడి, దర్గా, చర్చి, ఇదియే ఆనాటి పట్టణము. పడమర దిక్కున ఉప్పుటేరు, మడ అడవులు, బురద నేల. 1920 దశకములో బెంగాల్ నాగపూర్ రైల్వే వారి ఆధ్వర్యమున ఆ బురదను త్రవ్వి రేవు కట్టుట ఆరంభమైనది. త్రవ్విన మన్నుతోనే పల్లపు నేలలు పూడ్చారు. ఇసుక మేట వేసి రేవు ముఖము పూడిపోకుండుటకు రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ అను ఓడ లోపలికి వచ్చినది. అదే సంవత్సరము డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ రేవును ప్రారంభించారు.

రేవు వెంట పని వచ్చినది, పని వెంట జనము వచ్చారు. శ్రీకాకుళము, విజయనగరము, గంజాము ప్రాంతముల నుండి కరువు సంవత్సరములలో గంప నెత్తిన పెట్టుకొని వచ్చిన కుటుంబములు అనేకము. 1941లో సింధియా కంపెనీ వారి నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న ‘జల ఉష’ అను ఓడను పండిట్ నెహ్రూ నీటిలోనికి విడిచిపెట్టారు. 1957లో కాల్టెక్సు నూనె శుద్ధి కర్మాగారము, 1960 దశకములో పాలిమర్సు, ఎరువులు, భారీ పాత్రల కర్మాగారములు వచ్చినవి. 1951లో లక్ష దాటిన జనాభా 1981 నాటికి సుమారు 6 లక్షలకు చేరినది.

ఇందులో గమనింపవలసినది ఒకటి ఉన్నది. ప్రతి సంస్థయు తన ఉద్యోగులకు క్వార్టర్లు కట్టినది. కాని కట్టడపు పనికి వచ్చిన కూలీకి, కళాసీకి, ఇండ్లలో పాచిపని చేసే ఆమెకు, రిక్షా కార్మికునికి ఏ ప్లానులోను చోటు లేదు. వారు ఖాళీగా కనబడిన చోటనే నిలిచారు. రైలుపట్టాల పక్కన, గెడ్డ గట్టున, కొండ వాలున, రేవు గోడల వెనుక తాటాకు పాకలు లేచినవి. జ్ఞానాపురము, కంచరపాలెము, మల్కాపురము వంటి చోట్ల పాత పల్లెలు కార్మిక వాడలుగా మారినవి. పట్టణమునకు వారి శ్రమ కావలెను గాని వారి కాపురముతో పని లేకపోయినది. తరువాతి కథ అంతయు ఈ ఒక్క వైరుధ్యము నుండి పుట్టినదే.

ఉక్కు, దాని వెల

‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అను నినాదము తెలియని తెలుగువాడు లేడు. 1966 అక్టోబరులో శ్రీ అమృతరావు గారు నిరాహారదీక్ష పూనారు. శ్రీ తెన్నేటి విశ్వనాథము గారి వంటి నాయకులు ముందు నిలిచారు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగినవి. ఆ ఉద్యమములో రాష్ట్రమంతట 32 మంది ప్రాణములు అర్పించారు. 1970 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము అంగీకారము ప్రకటించగా, 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న ప్రధాని శ్రీ పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేశారు.

ఈ తేదీలు అందరికి కంఠస్థమే. అంతగా జ్ఞాపకమునకు రానిది నిర్వాసితుల సంగతి. కర్మాగారము కొరకు సుమారు 64 గ్రామములలో 20 వేల ఎకరములకు పైగా భూమి సేకరింపబడినది. 16 వేలకు పైగా కుటుంబములు కదలవలసి వచ్చినది. అప్పటికి అమలులో ఉన్నది 1894వ సంవత్సరపు భూసేకరణ చట్టము. అది భూమికి వెల కట్టుటను గురించి చెప్పునే గాని, లేచిపోయిన ఊరు మరల ఎక్కడ, ఎట్లు నిలువవలెనో చెప్పదు. భూమి పట్టా ఎవరి పేరున ఉన్నదో వారికి సొమ్ము వచ్చినది. ఆ భూమి మీద పాలు చేసుకొన్న కౌలుదారునికి, జీతగానికి, చాకలికి, మంగలికి, మాదిగకు ఊరే ఆస్తి. ఊరు పోయిన తరువాత వారికి లెక్క కట్టుటకు ఏమియు మిగులలేదు.

అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ ప్రాంతములలో నిర్వాసిత కాలనీలు ఏర్పడినవి. కుటుంబమునకొక పునరావాస కార్డు ఇచ్చారు. జనము దానిని ‘ఆర్ కార్డు’ అన్నారు. ఆ కార్డు చూపి ఉద్యోగము అడుగుటకు నిర్వాసితులు సంఘములుగా ఏర్పడి, ధర్నాలు చేసి, కోర్టులకు ఎక్కి, కొందరికి పని సాధించుకొన్నారు. వేలాది కుటుంబములకు ఆ కార్డు కార్డుగానే మిగిలినది. తండ్రి పెట్టెలో దాచినది కొడుకు చేతికి, కొడుకు నుండి మనుమని చేతికి వచ్చినది. 2021 జనవరి 27న కేంద్రము కర్మాగారములోని వాటాలను పూర్తిగా అమ్మివేయుటకు నిర్ణయించినప్పుడు, కూర్మన్నపాలెము కూడలిలో కార్మికులు వేసిన శిబిరములో నిర్వాసితులు కూడ కూర్చున్నారు. ‘ప్రభుత్వ కర్మాగారమని భూమి ఇచ్చితిమి, అది ప్రభుత్వము చేతి నుండి పోయినచో మా భూమి మాట ఏమి?’ అను వారి ప్రశ్న న్యాయమైనదే. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించినది. అది కర్మాగారపు అప్పులకు, నడకకు ఊరట. ఆర్ కార్డు ప్రశ్న మాత్రము అట్లే నిలిచినది.

పేటలలో సంఘములు

ఇక పట్టణపు పేటల సంగతి. మన రాష్ట్రములో మురికివాడల చట్టము 1956లోనే వచ్చినది. ఆ చట్టము క్రింద ఒక వాడను ప్రభుత్వము జాబితాలోనికి ఎక్కించినప్పుడే అక్కడ రోడ్డు, కాలువ, కుళాయి వేయుటకు సొమ్ము దొరుకుతుంది. జాబితాకు ఎక్కని వాడ కాగితము మీద లేనట్లే. కనుక పేటవాసుల మొదటి పోరాటము ఇంటి కొరకు గాక, తాము ఉన్నామని వ్రాయించుకొనుట కొరకు జరిగినది.

రెండవ చిక్కు భూమి ఎవరిది అనునది. విశాఖలో ఒక పేట రేవు వారి స్థలములో ఉండును, ప్రక్క పేట రైల్వే స్థలములో, ఇంకొకటి గెడ్డ పోరంబోకులో, మరొకటి కొండ పోరంబోకులో ఉండును. రాష్ట్ర ప్రభుత్వము తన భూమికి పట్టా ఇవ్వగలదు గాని కేంద్ర సంస్థల భూమికి వారి సమ్మతి లేక ఇవ్వజాలదు. ఒకే వీధికి అటువైపు వారికి పట్టా వచ్చి ఇటువైపు వారికి రాకపోవుట ఇందువలననే. పట్టా లేనిచో బ్యాంకు అప్పు లేదు, పక్కా ఇల్లు లేదు. ఏ వర్షాకాలములో ఎవరు వచ్చి పొమ్మందురో అను భయము తీరదు.

ఈ పరిస్థితిలో ఒక క్రొత్త పద్ధతి హైదరాబాదు నుండి వచ్చినది. 1967లో అక్కడి నగరపాలక సంస్థ ‘పట్టణ సమాజాభివృద్ధి’ అను పథకమును ఆరంభించినది. దాని విశేషమేమనగా, ఆ ఉద్యోగులు డబ్బు పట్టుకొని వెళ్లలేదు. బస్తీలోనికి వెళ్లి, అరుగుల మీద కూర్చుండి, ‘మీకు ముందుగా ఏమి కావలెను?’ అని అడిగారు. ఒక చోట బాలవాడి, ఒక చోట కుట్టుపని శిక్షణ, ఒక చోట దీపము అన్నారు. ప్రజలు కొంత వేసుకొనిన తరువాత పథకము కొంత వేసినది. యునిసెఫ్ సహాయము తోడైనది. 1970 దశకపు చివర అనేక బస్తీలకు పట్టాలు ఇచ్చి, స్వల్ప వడ్డీకి బ్యాంకు అప్పులు ఇప్పించి, ఎవరి ఇల్లు వారే కట్టుకొను ఏర్పాటు చేశారు. ఆ పథకము దేశ విదేశములలో పేరు పొందినది.

ఆ పద్ధతియే 1970 దశకము చివర విశాఖకు వచ్చినది. 1979లో మన పురపాలక సంఘము నగరపాలక సంస్థ అయినది. తరువాత 1988లో బ్రిటిషు ప్రభుత్వపు సహాయముతో మురికివాడల అభివృద్ధి పథకము మొదలై 1996 వరకు నడచినది. రోడ్లు, కాలువలు, కుళాయిలు, వీధి దీపములు, సామాజిక భవనములు, ప్రాథమిక ఆరోగ్యము, శిశు పాఠశాలలు ఇందులో చేరినవి. ప్రతి పేటలో ఇరుగుపొరుగు కమిటీ, మహిళా మండలి ఏర్పరచవలెనని నియమము.

ఈ కమిటీల పని కాగితము మీద చదువుటకు తేలిక, చేయుటకు కష్టము. మూడు అడుగుల సందులో కాలువ త్రవ్వవలెనన్నచో ప్రతి ఇంటివారు అరుగును ఒక అడుగు వెనుకకు జరుపుకొనవలెను. ఏ ఇంటి ముందు కుళాయి వేయుదురు? అక్కడ వేస్తే వారే పెత్తనము చేస్తారని ఎదుటి వారి అనుమానము. కులము, పార్టీ, ఊరు, అన్నియు సందులోనికి వచ్చును. ఇంజనీరు ఈ తగవు తీర్చలేడు. నాయుడుగారో, పాస్టరుగారో, అంగన్‌వాడీ టీచరో, నలుగురిలో మాట చెల్లే ఒక అత్తమ్మో కూర్చుండి తీర్చవలెను. ఆ విధముగా కూర్చున్న రాత్రులే నిజముగా పేటను కట్టినవి. సిమెంటు తరువాత వచ్చినది.

1990 దశకపు చివర ఈ పథకములను పరిశీలించిన పరిశోధకులు రెండు మాటలు చెప్పారు. మొదటిది, రోడ్డు, కాలువ, దీపము వలన, ముఖ్యముగా స్త్రీల జీవితము, మెరుగుపడినది. చీకటి సందులో దీపము వెలుగుట ఆడపిల్లకు ఎంత ధైర్యమో మనకు తెలిసినదే. రెండవది, పథకము ముగిసిన తరువాత కమిటీలలో అనేకము చల్లబడినవి, వేసిన కాలువల మరమ్మతు చూచువారు కరువైనారు. దీనిలో ఒక పాఠమున్నది. సొమ్ము పంచుటకు పుట్టిన కమిటీ సొమ్ముతోనే పోవును. కుళాయి కొరకో, పట్టా కొరకో జనము తామై కూడిన సంఘము అవసరము ఉన్నంతకాలము నిలుచును. పొదుపు సంఘముల విషయము చూడుడి. నెలకు కొద్ది రూపాయలు వేసుకొని, పుస్తకము వ్రాసుకొని, తమలో తాము అప్పు ఇచ్చుకొను స్త్రీలు ఒక పథకము పేరు మారి ఇంకొకటి వచ్చినను చెదరలేదు. 2007లో ‘మెప్మా’ ఏర్పడినప్పుడు పట్టణములలో దానికి పునాది ఇట్టి స్త్రీలే.

ఇల్లు వచ్చినది, దూరము పెరిగినది

2005 నవంబరులో గాజువాకను, చుట్టుప్రక్కల గ్రామములను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినది. 2011 లెక్కల ప్రకారము నగర జనాభా 17 లక్షల 28 వేలు. అందులో నూటికి 44 మంది మురికివాడలలో ఉన్నవారు. పది లక్షలు దాటిన భారత నగరములలో ఇదియే అత్యధికము. కనుక ఇది ఎవరో కొందరి సమస్య కాదు; ఇంచుమించు సగము ఊరి సమస్య.

2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకము క్రింద మధురవాడ, కొమ్మాది వైపు బహుళ అంతస్తుల ఇండ్లు కట్టారు. పక్కా గోడలు, మరుగుదొడ్డి, కరెంటు, అన్నియు ఉన్నవి. కాని అవి పాతపట్టణమునకు పదిహేను కిలోమీటర్ల దూరము. రేవులో తెల్లవారుజామున చేపల వేలమునకు పోవలసిన ఆమె, రెండు ఇండ్లలో పాచిపని చేసుకొను ఆమె, బస్సు ఛార్జీలకే సగము కూలి పోగొట్టుకొన్నచో ఆ ఇంటితో ఏమి లాభము? కొందరు ఆ ఇంటికి తాళము వేసి మరల పాత పేటలో అద్దె గదికి వచ్చుట అందుచేతనే. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలము పైడివాడ అగ్రహారములో నగరపు స్త్రీల పేరిట లక్షకు పైగా ఇండ్ల స్థలముల పట్టాలు పంచుట ప్రారంభమైనది. స్త్రీ పేరిట పట్టా ఇచ్చుట మెచ్చదగిన సంగతి. అయితే పని ఒక దిక్కున, ఇల్లు ఒక దిక్కున అయినప్పుడు ఆ దూరమును మోయునది కూడ ఆ స్త్రీయే.

కనుకనే పేటల సంఘములు మొదటి నుండి ఒకే మాట చెప్పుచున్నవి: ‘వీలైనంతవరకు ఉన్నచోటనే ఇల్లు ఇవ్వండి, కదల్చక తప్పనిచో పనికి దగ్గరలో చూపండి.’ 1985లో బొంబాయి పేవ్‌మెంటు నివాసుల కేసులో సుప్రీంకోర్టు జీవించు హక్కులో జీవనోపాధి హక్కు కూడ ఇమిడి ఉన్నదని చెప్పినది. అదే తీర్పు నోటీసు ఇచ్చి ఖాళీ చేయించుటను ఆపలేదు కూడ. చట్టము తలుపు తెరచునే గాని చేయి పట్టి లోపలికి తీసికొనిపోదని పేటవాసులు నేర్చుకొన్నారు. 1894 చట్టము స్థానములో 2013 చట్టము వచ్చి, 2014 జనవరి 1 నుండి పునరావాసము చట్టబద్ధమైనది. ఉక్కు నిర్వాసితులకు ఆ చట్టము నలభై సంవత్సరములు ఆలస్యముగా వచ్చినది.

గాలి, నీరు, కొండ

విశాఖ ఒక గిన్నె వంటిది. ఒక వైపు డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు, మరియొక వైపు కైలాసగిరి, సింహాచలము కొండలు. నడుమ ఫ్యాక్టరీలు, రేవు, పేటలు. ఖనిజపు ధూళి, బొగ్గు పొడి పాతపట్టణపు కిటికీల మీద, ఆరవేసిన బట్టల మీద పడుచుండుట మనమందరము ఎరిగినదే. 1997 సెప్టెంబరు 14న నూనె శుద్ధి కర్మాగారములో జరిగిన పేలుడులో 50 మందికి పైగా మరణించారు. మల్కాపురము ప్రాంతమంతా ఇండ్లు విడిచి పరుగెత్తినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు రేకుల ఇండ్లు, తీరపు పాకలు ముందుగా పోయినవి. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్సు నుండి తెల్లవారుజామున విషవాయువు వెలువడి 12 మంది చనిపోయారు. ఆ కర్మాగారము 1961లో హిందుస్థాన్ పాలిమర్సుగా వెలసినది. తరువాత ఊరు దాని గోడల వరకు పెరిగినది.

ప్రతి ప్రమాదము తరువాత ‘జనము ఫ్యాక్టరీ ప్రక్కన ఎందుకు ఉండవలెను?’ అని అడుగువారు ఉన్నారు. జవాబు సులభము: చవకగా నేల దొరికినది అక్కడే. ప్రమాదము ఎక్కువైన చోటనే అద్దె తక్కువ. కనుక గాలి సంగతి వేరు, ఇంటి సంగతి వేరు అని విడదీయరాదు. గంగవరము, దిబ్బపాలెము మత్స్యకారుల ఉదాహరణము తీసికొనుడి. 2009లో ప్రారంభమైన గంగవరము రేవు కొరకు వారి తీరము పోయినప్పుడు వారు ఇంటి పరిహారము మాత్రమే అడుగలేదు, పడవ దించు చోటు అడిగారు. వల ఆరవేయు ఇసుక లేని జాలరికి పక్కా ఇల్లు సగము ఇల్లే.

ఇతర నగరములలోను ఇట్టి ప్రయత్నములు జరిగినవి. కరాచీ నగరపు ఒరాంగి వాడలో 1980 నుండి అఖ్తర్ హమీద్ ఖాన్ గారి ప్రోత్సాహమున వీధివారే చందా వేసుకొని మురుగు గొట్టములు వేసుకొన్నారు. బొంబాయిలో జాకిన్ అర్పుతం గారి నాయకత్వమున మురికివాడల వారు తమ ఇండ్లను తామే లెక్కించి, ఆ లెక్కతో అధికారుల ఎదుట కూర్చున్నారు. ఊరు వేరు, భాష వేరు, పద్ధతి ఒకటే: ముందు కూడుట, పిదప లెక్క వ్రాయుట, ఆ తరువాత అడుగుట.

మనకు మిగిలిన పని

ఈ చరిత్రను ఇచ్చట వ్రాయుటలో మా ఉద్దేశము ఒకరిని నిందించుట కాదు. మన సంఘ సభ్యులలో పట్టా ఉన్నవారున్నారు, లేనివారున్నారు. ఆర్ కార్డు దాచుకొన్నవారున్నారు, ఆ కర్మాగారములో ఉద్యోగము చేసి పింఛను తీసికొనువారున్నారు. ఒకే బల్ల మీద కూర్చుండు ఈ ఇరువురి కథ ఒకటే కథ.

చేయదగిన పనులు చిన్నవే. ప్రతి పేటలో ఇండ్ల లెక్క, ఎవరు ఏ సంవత్సరము నుండి ఉన్నారు, ఏ కాగితము ఉన్నది అను వివరము ఒక పుస్తకములో వ్రాసి ఉంచవలెను. వృద్ధుల వద్దనున్న రసీదులు, కార్డులు, నోటీసులు చెదలు పట్టక ముందే నకళ్లు తీయించవలెను. ఏ స్థలము ఏ సంస్థదో తెలిసికొని, ఆ సంస్థకే అర్జీ పెట్టవలెను. ఖాళీ చేయుమని నోటీసు వచ్చిన నాడు కాక, రాక ముందే కూడవలెను. చదువుకొన్న యువకులు అర్జీ వ్రాయుటకు, స్త్రీలు పొదుపు పుస్తకము చూచుకొనుటకు తోడ్పడవలెను. కొండవాలున ఉన్నవారు వర్షాకాలమునకు ముందే గోడలను, కాలువలను చూచుకొనవలెను.

రేవు తొంబది సంవత్సరములు దాటినది; ఉక్కు ఉద్యమము జరిగి అరువది సంవత్సరములు కావచ్చినది. ఈ కాలమంతటిలో పేటలకు ఏ కుళాయియు అడుగకుండ రాలేదు, ఏ పట్టాయు ఒక్కరుగా అడిగితే రాలేదు. రాబోవు శతవార్షికమునకు ఈ పేటల పిల్లలు తమ చరిత్ర తామే వ్రాసికొందురు గాక. ఆ చరిత్ర వారు తమ సొంత అరుగు మీద కూర్చుండి వ్రాయునట్లు చూచుట మన బాధ్యత.